పది పదిహేడుకి పడిపోవాలి

మనిషి ఇంతవరకూ కట్టినవాటిలో పడిపోనిది ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చే బాధ్యతను చరిత్ర కృష్ణానగర్‌లో రెండో అంతస్తు మీదున్న ఒక అద్దె గదికి అప్పగించింది.

ఆ గదిలో ఆస్టిన్ మూడు సర్వర్లను ఒకదానికొకటి కలిపి వెబ్ హోస్టింగ్ కంపెనీ పెట్టాడు. అంటే, ఇతరుల వెబ్‌సైట్లను తన మిషన్లలో ఉంచి నడిపే వ్యాపారం. ఒక మిషను పడిపోతే దాని పనిని మిగతావి అందుకుంటాయి. చూసేవాడికి తెలియను కూడా తెలియదు. ఇందుకోసం అతను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు కష్టపడ్డాడు. మధ్యలో ఒక వారం సెలవు తీసుకుని దీనాను పెళ్లి చేసుకున్నాడు. పాస్టరుగారు వచ్చి మూడు మిషన్ల మీదా చేయి ఉంచి ప్రార్థన చేశారు. దీనాకు మాత్రం అన్నిటికంటే ఏసీ నచ్చింది. మనుషులకు అది విలాసం, సర్వర్లకు అవసరం. కాబట్టి కొత్త దంపతులు తమ పరుపును సర్వర్ల గదిలోకి మార్చుకుని, ఏప్రిల్ నెలలో దుప్పటి కప్పుకునే భాగ్యం పొందారు.

లేనిదల్లా కస్టమర్లే. సోమవారంలోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే ఆస్టిన్ పాత కంపెనీకి వెళ్లి, బ్యాడ్జీ మళ్లీ మెడలో తగిలించుకుని, మానేసిన రోజున తాను హితబోధ చేసిన మేనేజరుకే గుడ్ మార్నింగ్ చెప్పాలి.

అందుకే ఇద్దరూ ఫిల్మ్ నగర్‌లో నిర్మాత అచ్యుతరామయ్యగారి ఆఫీసుకు వెళ్లారు. ఆయన కొత్త సినిమా ట్రైలరు శుక్రవారం పొద్దున పదింటికి ఆ సినిమా వెబ్‌సైట్‌లో విడుదల కావాలి. ప్రొడక్షన్ మేనేజరు జంగయ్య ఒక ఫారం ఇచ్చాడు. పద్నాలుగో గడి: ‘ఇంతవరకు ఎన్నిసార్లు క్రాష్ అయినది?’ దీనా గుండ్రంగా, గర్వంగా సున్నా చుట్టింది.

జంగయ్య ఆ సున్నా వైపు జాలిగా చూశాడు. "ఏందమ్మా ఇది? ఒక్కసారి గూడ పడలేదా?"

"పడదండీ. అదే మా గొప్ప."

"గొప్ప ఏంది? పడలేదంటే జనం రాలేదన్నట్టే గదా. గిట్ల రాస్తే సార్ లోపలికే పిలువడు. జర ఒక రెండన్నా వెయ్యి."

దీనా దిద్దలేదు. (కొత్త పెళ్లికూతుళ్లలో నిజాయితీ ఎక్కువగా ఉంటుంది, క్రమేణా సర్దుకుంటుంది.)

అయినా అచ్యుతరామయ్యగారు లోపలికి పిలిచి, విధానాన్ని శాంతంగా వివరించారు. వెబ్‌సైట్ నడవడం వార్త కాదు. ‘అభిమానుల తాకిడికి కుప్పకూలిన సర్వర్లు’ అన్నది వార్త. కొత్త హీరో అయితే ఏడు నిమిషాలు కూలాలి. మధ్యరకం హీరోకు ఇరవై, పెద్ద హీరోకు నలభై అయిదు. నిర్మాత సొంత కొడుకైతే గంట. ఈ సినిమాలో హీరో ఆయన సొంత కొడుకు.

"పది పదిహేడుకి పడిపోవాలి బాబూ," అన్నారాయన. "ప్రెస్ నోట్ నిన్ననే పంపించేశాం. ఇప్పుడు టైము మారిస్తే బావుండదు."

"సార్, మావి మూడున్నాయండీ. ఒకటి పడితే రెండోది..."

"మూడా!" ఆయన కళ్లజోడు తీశారు. "మూడూ పడతాయా?"

"ఒక్కటీ పడదండీ!"

"అదేనయ్యా నీతో వచ్చిన చిక్కు. పడితే మా బ్యానర్ తొమ్మిది సినిమాలూ నీకే. పడకపోతే నమస్కారం."

మెట్లు దిగుతూ దీనా అంది: "ఎనిమిది నెలలు నిలబెట్టావు. ఒక్క గంట పడుకోబెట్టలేవా?"

"నిలబడాలని పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాం కదే!"

"సరే, దీనికి ఆయన్ని పిలవొద్దులే."

శుక్రవారం పదింటికి ట్రైలరు విడుదలైంది. పావుగంటలో రెండువందల పన్నెండు మంది చూశారు. (అందులో నూట తొంభై మంది ఆఫీసు సిబ్బంది.) జంగయ్య ఫోన్ చేశాడు. "ఏందన్నా, టైము దగ్గరపడ్డది, ఇంకా నడుస్తనే ఉంది? సార్ పరేషాన్ అయితుండు."

ఆస్టిన్ మొదటి సర్వర్‌ను ఆపాడు. దాని పని రెండోది అందుకుంది. రెండోదాన్ని ఆపాడు. మూడోది అందుకుంది, ఈలోగా మొదటిది తనంతట తానే లేచి పనిలో కూర్చుంది. ట్రైలరు ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"చూశావా దీనా," అన్నాడు ఆస్టిన్. "ఎంత బాగా కట్టానో చూశావా!"

"చూశాను. చాలా బాగా కట్టావు," అంది దీనా. అతని భుజం మీద ఒక చేయి వేసి, రెండో చేత్తో మూడు ప్లగ్గులూ పీకేసింది. టైము పది పదిహేడు.

మర్నాడు పేపర్లో వచ్చింది: ‘ఒకేసారి మూడు సర్వర్లు నేలమట్టం’. అచ్యుతరామయ్యగారు స్వయంగా ఫోన్ చేశారు. "ఎంత పెద్ద బ్యానరైనా ఒక్కటి పడితే గొప్ప. మనకి మూడు!" తొమ్మిది సినిమాలూ ఖాయమయ్యాయి. వారం తిరక్కుండా మిగతా నిర్మాతలు తమకు అయిదు పడాలని ఒకరు, పది పడాలని ఒకరు కబురు పెట్టారు.

ఆస్టిన్ ముప్పై సర్వర్లు తెప్పించాడు. రోజూ పొద్దున్నే పెట్టెల మీద దుమ్ము దులుపుతాడు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఇంతవరకూ బయటికి తీయలేదు, పేపర్లో మాత్రం అడిగినన్ని పడుతూనే ఉన్నాయి. పడిపోవాలంటే ముందు నిలబడి ఉండాలన్న నిబంధన ఫిల్మ్ నగర్‌లో ఎవరూ పెట్టలేదు.