పూర్తికాని స్వెట్టర్ వర్ధిల్లాలి!

పూర్తయిన స్వెట్టర్ అంత పనికిమాలిన వస్తువు లోకంలో మరొకటి లేదు! ఈ మాట అంటున్నది అల్లిక రానివాడు కాదు, రిటైరైన నాటి నుంచి ఊలూ సూదులూ తప్ప ఇతరం ఎరుగని నిపుణుడు. నిపుణుడని నన్ను నేనే అనుకుంటున్నాను. ఇంకెవరూ అనడం లేదు కాబట్టి తప్పలేదు.

మా ఆవిడ స్కూల్ బస్సు నడుపుతుంది. చలికాలంలో తెల్లవారకముందే వణుక్కుంటూ బయల్దేరుతుంది. ఆమెకు నా చేత్తో స్వెట్టర్ అల్లి ఇస్తానని చుట్టాలందరి ముందూ ప్రకటించాను. ఆరంభశూరులకు ప్రకటనలు కరువా!

కొత్త ఊలు కొనడం నాకు నామోషీ. ఇరుగుపొరుగు అల్లుకోగా మిగిలిన ఉండలు అడిగి తెచ్చాను. ఏ రెండూ ఒక రంగువి కావు. చాలనిచోట నేనే కదురు పట్టి ఊలు వడికాను. అది ఒకచోట దారంలా ఉంటుంది, జానెడు దూరం పోయేసరికి తాడవుతుంది. ఏ ఫ్యాక్టరీకి చేతనవుతుందండీ ఈ వైవిధ్యం?

మా మరదలు చూడ్డానికి వచ్చి అటూ ఇటూ తిప్పింది.

“బావా, ఇది వీపా, చెయ్యా?”

“మెడ,” అన్నాను గంభీరంగా.

“అక్కా, నువ్వొక కోటు కొనేసుకోవే. బావ అల్లిందంతా మళ్లీ విప్పేస్తున్నాడు, ఇది నీ రిటైర్మెంటుకి అందుతుందిలే!”

పామరులు! అల్లినంతా విప్పితే పని ముందుకు సాగనట్టేనా? వేసిన రోడ్డు మర్నాడే తవ్వడం లేదూ? దాన్ని మనం అభివృద్ధి అనే కదా అంటున్నాం!

సాయంత్రం మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చి నా పక్కన కూలబడేది.

“ఎంతవరకు వచ్చిందండీ?”

“చెయ్యి చాపు, చెబుతా.”

చాపేది. భుజం నుంచి మణికట్టు దాకా ఊలు పరిచి కొలిచేవాణ్ణి. చెయ్యి నా స్వాధీనంలో ఉన్నంతసేపూ ఆవిడకు కబుర్లు చెప్పడం తప్ప వేరే పని ఉండదు కదా! వెనక సీట్లో ఏడ్చిన పిల్లాడు, మలుపులో మొరాయించిన గేరు, హారన్ కొట్టినందుకు పోట్లాటకు దిగిన పెద్దమనిషి, అందరూ వరసగా మా హాల్లోకి వచ్చేవారు.

“మీరు కొలుస్తున్నారా, కబుర్లు వింటున్నారా?”

“రెండూనూ. కదలకు, కొలత తప్పుతుంది.”

తప్పేది కూడా. అల్లిందంతా విప్పేవాణ్ణి. మర్నాడు మళ్లీ చెయ్యి చాపక తప్పేది కాదు.

ఇలా దివ్యంగా సాగుతుండగా ఒకరోజు ఆవిడ దగ్గుకుంటూ ఇల్లు చేరింది. స్టీరింగ్ పట్టుకున్న వేళ్లు మొద్దుబారి ఎర్రగా ఉన్నాయి. నా గొప్ప సిద్ధాంతం మీద నాకే సిగ్గేసింది. తల ఎత్తకుండా కూర్చుని స్వెట్టర్ పూర్తిచేశాను. ఒక చెయ్యి సన్నం, ఒక చెయ్యి దిండు. అయినా ఆవిడ తొడుక్కుని అద్దంలో చూసుకుంది.

“వెచ్చగా ఉందండీ,” అంది.

బస్సులో పిల్లలు ‘రంగుల ఆంటీ’ అని పేరు పెట్టారట. మరదలు కూడా నోరు మూసుకుంది. ఘనవిజయం!

మరి ఏం జరిగిందనుకున్నారు? మర్నాడు సాయంత్రం ఆవిడ వచ్చింది, స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలించింది, ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. నేను గుమ్మం దాకా వెళ్లి అడిగాను.

“ఇవాళ బస్సులో ఏమైంది?”

“ఏముంటుందండీ, రోజూ ఉండేదే.”

చూశారా, పాఠకులారా, పని పూర్తిచేస్తే ఎంత అనర్థమో! అందుకే ఆవిడకిప్పుడు చేతి తొడుగులు మొదలుపెట్టాను. ఇది చాలా సున్నితమైన పని. ఒక్కో వేలికీ విడివిడిగా కొలత తియ్యాలి.