కంప్యూటర్ ఇంట్లో ఫోను ఇల్లరికం

నీటి సరఫరా మంత్రిగారు వేదిక మీద ఫోను పైకెత్తి చూపించి, "ఇకమీదట ప్రభుత్వం మీ అరచేతిలో ఉంటుంది" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అరచేతిలో ఇంకేమీ లేనివాళ్ళు మరీ గట్టిగా కొట్టారు. నీళ్ళు రాకపోయినా, పొంగి పొర్లినా, వాల్వు తెరవాలన్నా, మూయాలన్నా అంతా ఫోను యాప్‌లోనే జరగాలి. యాప్ లేకుండా నోటిమాటతో పని చేసిన ఉద్యోగి ఇంటికి పోవలసిందే.

ముందు వరుసలో కూర్చున్న సూపరింటెండెంటుగారు కళ్ళు తుడుచుకున్నారు. మంత్రిగారి ప్రతి ఉత్తర్వుకీ ఆయన అలాగే కరిగిపోతారు. క్రితం నెల వచ్చిన ఉత్తర్వుకీ కరిగారు. ఉద్యోగులు ఫోన్లు చూస్తూ పొద్దుపుచ్చుతున్నారు గనక, డ్యూటీకి రాగానే గేటు దగ్గర ఇనపపెట్టెలో ఫోను పడేయాలని దాని సారాంశం. అది గొప్ప ఉత్తర్వు. ఇదీ గొప్ప ఉత్తర్వే. రెండూ ఒకే ఆఫీసుకి రావడంతో కొంచెం ఇరుకైంది.

"ఫోను లేకుండా ఫోను యాప్ ఎలా నడుపుతామండీ?" అని గుమాస్తా అడిగాడు.

"నువ్వు ఉత్తర్వులో తప్పు వెతుకుతున్నావు."

"తప్పు కాదండీ, ఫోను వెతుకుతున్నాను."

ఈ చిక్కు విప్పడానికి మంత్రిగారు తమ అల్లుడిని పంపించారు. ఆయన ప్రభుత్వానికి సాంకేతిక సలహాదారు. మామగారింట్లోనే ఉంటారు గనక, ప్రభుత్వానికి ఆయనంత దగ్గరివాళ్ళు ఇంకొకరు లేరు. ఆఫీసు కంప్యూటర్లని నడిపే లైనక్స్ ఎక్కించింది కూడా ఆయనే. అది ఉచితంగా దొరుకుతుంది. చక్కగా పనిచేస్తుంది. ఫోను యాప్ మాత్రం దాని మీద నేరుగా నడవదు.

"దానికేముందండీ!" అన్నారు అల్లుడుగారు. "కంప్యూటర్ లోపల చిన్న గది కడతాం. ఆ గది ఫోనులా నటిస్తుంది. యాప్ వచ్చి చూసుకుని, ఓహో ఇది ఫోనే అనుకుని కాపురం పెట్టేస్తుంది."

"అంటే ఇల్లరికం లాంటిదన్నమాట" అన్నాడు గుమాస్తా.

అల్లుడుగారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"అలాంటిదే" అన్నారు. "ఇంటివాళ్ళు చెప్పినట్టు నడుచుకుంటే ఏ గొడవా ఉండదు."

యాప్ నడిచింది. కాకపోతే ఒక కంప్యూటర్లో అడ్డంగా పడుకుని కనిపించింది. సూపరింటెండెంటుగారు వెంటనే ఆ మానిటర్‌ని పక్కకి పడుకోబెట్టించారు. తరవాత ఆలోచించి, సరిగ్గా కనబడుతున్న మానిటర్లని కూడా పడుకోబెట్టించారు. ఆఫీసన్నాక ఒక పద్ధతి ఉండాలి. గుమాస్తాలందరూ మెడలు వాల్చి చదవడం నేర్చుకున్నారు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎంతో వినయంగా కనిపించేవారు.

ఆ వినయం మధ్యలోకి లాండ్రీ షాపు ఆవిడ వచ్చి సూపరింటెండెంటుగారి ముందు నిలబడింది.

"అన్నయ్యగారూ, మా వీధిలో గొట్టం బాగుచేశారు. బాగుచేసేటప్పుడు మూసిన వాల్వు మళ్ళీ తెరవలేదు. షాపునిండా ఆస్పత్రి దుప్పట్లు. సాయంత్రానికి ఉతికి ఇవ్వకపోతే పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఆ ఆస్పత్రి పోతే నేను షాపు మూసుకోవాల్సిందే."

"అమ్మా, మీరెంత అదృష్టవంతులో మీకు తెలియడం లేదు. యాప్‌లో మీదే మొట్టమొదటి ఫిర్యాదు."

"మొదటిదైతేనేం, చివరిదైతేనేం. మనిషిని పంపండి."

"మనిషిని పంపే రోజులు పోయాయమ్మా" అన్నారు సూపరింటెండెంటుగారు గర్వంగా.

గుమాస్తా మెడ వాల్చి ఫిర్యాదు ఎక్కించాడు. 'నిర్ధారణ కోసం ఒకసారి ఊపండి' అని యాప్ అడిగింది. పొరపాటున వేలు తగిలి ఫిర్యాదులు వెళ్ళిపోకుండా మంత్రిగారు స్వయంగా ఆలోచించి పెట్టించిన ఏర్పాటది. సూపరింటెండెంటుగారు ఒక పక్క, గుమాస్తా ఒక పక్క పట్టుకుని కంప్యూటర్ పెట్టెని ఊపారు.

"ఇంకా గట్టిగా!"

"లోపల ఏదో దొర్లుతోందండీ!"

"నేనూ ఒక చెయ్యి వెయ్యనా?" అంది ఆవిడ. "దుప్పట్లు జాడించిన చెయ్యి."

అల్లుడుగారు కాఫీ తాగడం పూర్తిచేసి వచ్చి ఒక మీట నొక్కారు. 'ఊపినందుకు కృతజ్ఞతలు' అంది యాప్.

"మీట ఉందని ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు గుమాస్తా, చెమట తుడుచుకుంటూ.

"మీరంతా ఉత్సాహంగా ఉన్నారని ఊరుకున్నాను."

ఇంతలో యాప్ ఇంకో మాట అంది. 'ఫిర్యాదు స్థలానికి వెళ్ళండి.' సూపరింటెండెంటుగారు లేచి నిలబడ్డారు. యాప్ అంటే ప్రభుత్వం. ప్రభుత్వం వెళ్ళమన్నాక వెళ్ళాలి.

తోపుడుబండి మీద కంప్యూటర్, దాని పక్కన పడుకోబెట్టిన మానిటర్, వెనక ఇంకో బండి మీద జనరేటర్. ఎదురొచ్చిన వాహనాలు పక్కకి తప్పుకున్నాయి. ఎవరో శవయాత్ర అనుకుని టోపీ కూడా తీశారు. ఈ కబురు అందిన మంత్రిగారు, 'ప్రజల గడప దగ్గరికి నడిచొచ్చిన ప్రభుత్వం' అని విలేకరులకి చెప్పి, తామూ బయలుదేరారు.

లాండ్రీ ముందు మరమ్మతు నాటి గొయ్యి అలాగే ఉంది. అడుగున బురద. పక్కనే వాల్వు. మట్టిగుట్ట మీద వాల్వుమాన్ వాల్వు తిప్పే పొడుగాటి తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"తిప్పు నాయనా" అంది ఆవిడ.

"తిప్పడానికి ఎంతసేపమ్మా? ఆర్డర్ నా ఫోనుకి రావాలి."

"ఏదీ ఫోను?"

"ఆఫీసు గేటు దగ్గర పెట్టెలో ఉంది."

బండి వెంట వచ్చిన అల్లుడుగారు స్థలం పేరు చేత్తోనే ఎక్కించారు. ఆ పని ఆఫీసులో కూర్చుని కూడా చేయొచ్చట. ఎవరూ అడగలేదట. 'ఆర్డర్ పంపబడింది' అని తెర మీద పడింది. అందరూ వాల్వుమాన్ వైపు చూశారు. అతను ఖాళీ జేబు చూపించాడు.

"ఇతని ఫోనులా నటించడానికి ఇంకో కంప్యూటర్ కావాలి" అన్నారు అల్లుడుగారు.

సూపరింటెండెంటుగారు దాని కోసం గుమాస్తాని ఆఫీసుకి పంపించారు. పొద్దు వాలుతోంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, లోపల నడుమెత్తు పేరుకున్న దుప్పట్ల వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. ఆవిడ నాలుగు మాటలంటే బాగుండుననిపించింది ఆయనకి. మంత్రిగారి ఉత్తర్వులు రెండూ మనసులో చదువుకున్నారు. ఎప్పుడూ కరిగిపోయేవారు. ఈసారి కరగలేదు.

అప్పుడే కారు ఆగింది. మంత్రిగారు మల్లెపువ్వులాంటి చొక్కాలో దిగారు. ఇక్కడి నుంచి నేరుగా టీవీ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పడుకున్న మానిటర్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"కొంచెం వెనక్కండీ" అన్నాడు ఫోటోగ్రాఫర్.

మంత్రిగారు వెనక్కి జరిగారు. గొయ్యి అక్కడే ఉంది. గడ్డం దాకా బురదతో, ఇద్దరు విలేకరుల భుజాల మీదుగా పైకొచ్చారు.

"నీళ్ళు!" అన్నారు.

ఆ మాట పూర్తవకముందే వాల్వు తిరిగిపోయింది. షాపులో కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి, బుసకొట్టి, ధారకట్టాయి.

మంత్రిగారిని లోపల స్టూలు మీద బనీనుతో కూర్చోబెట్టి, బట్టల తెర అడ్డం లాగారు. ఆవిడ చొక్కా తీసుకుని వెనకగదిలోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. ఆరబెట్టే యంత్రం కూడా తిరగడం మొదలుపెట్టింది.

"అయిందా అమ్మా?" అని మంత్రిగారు కేకేశారు.

"మరక మొండిదయ్యా. తొందరపడితే బట్ట పాడైపోతుంది."

ఇంకొంతసేపటికి మంత్రిగారు సూపరింటెండెంటుగారిని చూసి రమ్మన్నారు. ఆయన వెనకగది తలుపు తీశారు. చొక్కా ఇస్త్రీ అయి కొక్కేనికి వేలాడుతోంది. మచ్చ లేదు. ఆవిడ మోచేతుల దాకా సబ్బు నురగతో దుప్పట్ల మీద వంగి ఉంది. తలెత్తి ఆయన వైపు చూసింది.

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఇంకా మరక ఉందండీ" అన్నారు.

చివరి దుప్పటి యంత్రంలో పడ్డాక మరక వదిలింది. మంత్రిగారు చొక్కా తొడుక్కుని, చేతులు ఊపి, కారెక్కారు. కారు మలుపు తిరగగానే వాల్వుమాన్ లేచి తాళం వాల్వు మీద బిగించాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మూసేస్తున్నానండీ. ఆర్డర్ లేదు కదా. ఉన్న ఉద్యోగం పోతుంది. మీరు తెరిచి ఉంచమంటారా?"

సూపరింటెండెంటుగారు బండి మీది తెర వైపు తిరిగారు. కుళాయిలు ఇంకోసారి దగ్గి ఊరుకున్నాయి. బండి మీద జనరేటర్ ఇంకా నడుస్తోంది. 'మీ సమస్య పరిష్కారమైంది' అని తెర మీద అడ్డంగా వెలుగుతోంది.

ఆస్పత్రి బండిలోకి దుప్పట్ల మూటలు ఎక్కించి, ఆవిడ చేతులు పవిటకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎల్లుండి మళ్ళీ దుప్పట్లు వస్తాయి అన్నయ్యగారూ. ఆ వేళకి తెల్లచొక్కా ఆయన్ని ఎవరినైనా పంపించండి. అందాకా ఆ గొయ్యి పూడ్చనివ్వకండి."