పదిహేడో గదివాసుల గ్రీకు దీవుల పర్యటన

ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బులోని ఒక కార్మిక శిబిరంలో, పదిహేడో నంబరు గదిలో నివసించే ముగ్గురు మిత్రులు ఈ ఏటి ఈద్ సెలవుల్లో గ్రీకు దీవుల్లో పర్యటించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. గ్రీసు ప్రభుత్వానికి ఈ సంగతి తెలియజేయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

తీర్మానాన్ని ప్రతిపాదించినవాడు హన్మాండ్లు. జగిత్యాల దగ్గరి మనిషి. పదకొండేళ్లుగా చమురు ట్యాంకులకు రంగులు వేస్తూ, సౌదీ అరేబియాను ఎత్తైన నిచ్చెనల మీదనుంచి క్షుణ్ణంగా చూసినవాడు. అతనికి విహారయాత్రల మీద మోజేమీ లేదు. భార్య పుష్పకు ఉంది. ఆమె అక్క మొగుడు థాయిలాండ్ వెళ్లి ఏనుగు మీద కూర్చుని దిగిన ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో వారం రోజులు తిరిగింది.

"పదకొండేండ్ల సంది పరాయి దేశంల ఉన్నవ్. ఏ ఫొటో చూసినా ఎనుక పైపులే," అంది పుష్ప ఫోనులో. "గా పైపులు చూపిచ్చి నేను ఎవలతోని ఏం చెప్పుకోవాలె?"

హన్మాండ్లు నోరు జారాడు. "ఈద్‌కు దోస్తులతోని గ్రీసు దీవులు పోతున్నం" అన్నాడు. గ్రీసు ఎటువైపు ఉందో అతనికి తెలియదు. మంగలి షాపు గోడ మీద దాని బొమ్మ చూశాడంతే. తెల్లటి ఇళ్లు, నీలం తలుపులు, కింద సముద్రం. రంగు పని శుభ్రంగా ఉందని అప్పట్లో మెచ్చుకున్నాడు కూడా. పుష్ప అరగంటలో ఊరంతటికీ ప్రకటన జారీ చేసింది. ఇక వెళ్లకపోతే పరువు దక్కదు.

గదిలో చదువుకున్నవాడు దిలావర్. కడప మనిషి, కంపెనీ ఆఫీసులో గుమాస్తా. విషయమంతా విని, దేశం దాటడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఫారం తెచ్చి చూపించాడు.

"రీజన్ అనే చోట మూడే ఆప్షన్లుండాయప్పా. మ్యారేజీ, డెత్, మెడికల్. టూర్ అనేది సిస్టంలోనే లేదు. ఏది టిక్ పెట్టమంటావు?"

హన్మాండ్లు ఆలోచించాడు. పెళ్లి ఎప్పుడో అయిపోయింది. జబ్బు ఏదీ సమయానికి తగల్లేదు. మిగిలిన దానికి ఇంకొకరి సహకారం కావాలి.

మూడో మిత్రుడు ఖయ్యూమ్, హైదరాబాదు డ్రైవరు, ఆ చిక్కును ఒక్క మాటతో విప్పాడు. "సముందర్ అంతా ఒక్కటే కదా భాయ్. ఆడి నీళ్లు వేరే ఉంటయా?"

భూగోళశాస్త్రంలో ఇంతటి ముందడుగు ఈ మధ్యకాలంలో పడలేదు. పండుగ మరునాడు, అనుమతి ఉన్న ఒక చేపల పడవలో ముగ్గురూ తీరానికి అరగంట దూరంలోని ఇసుక దిబ్బకు చేరుకున్నారు. అక్కడ చెట్టు లేదు, మనిషి లేడు. జాలర్లు వదిలేసిన సిమెంటు షెడ్డు ఒకటి ఉంది. హన్మాండ్లు వెంట తెచ్చుకున్న డబ్బాల అడుగున మిగిలిన రంగులు తీసి, మధ్యాహ్నానికల్లా గోడలు తెల్లగా, తలుపు నీలంగా మార్చేశాడు. పదకొండేళ్లలో ఎవరూ చెప్పకుండా వేసిన మొదటి రంగు అది. ఏ ట్యాంకుకూ అంచులు అంత తిన్నగా రాలేదు.

షెడ్డుకు నాలుగు గోడలు, కనుక నాలుగు దీవులు. తూర్పు గోడ ముందు దిగిన ఫొటో మొదటి దీవి. చొక్కాలు మార్చుకుని పడమటి గోడ ముందు నిలబడితే రెండోది. దక్షిణపు దీవిలో ఎండ మండిపోతుండటంతో అక్కడ బస తగ్గించుకున్నారు. ప్రతి దీవిలోనూ దిలావర్ ఉపన్యసించాడు.

"మిత్రులారా, ప్రపంచానికి నాగరికత నేర్పిన గడ్డ మీద మనం నిలబడి ఉన్నాం. ఈ గోడల వెనుక వేల సంవత్సరాల చరిత్ర ఉంది. దయచేసి ఎవరూ ఆనుకోవద్దు, రంగు ఆరలేదు."

ఖయ్యూమ్ అప్పటికే ఆనుకున్నాడు.

ఉత్తరపు దీవి నీడలో పప్పన్నం, మామిడికాయ తొక్కు తిని తిరుగుముఖం పట్టారు. పడవలో హన్మాండ్లుకు నిజంగానే ఎక్కడికో వెళ్లివస్తున్నట్టు అనిపించింది.

ఫొటోలు ఆ సాయంత్రమే ఊరు చేరాయి. 'గ్రామ కీర్తిని ఐరోపా ఖండంలో చాటిన ముద్దుబిడ్డ' అని బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. "అక్క రెండు దినాల సంది నాతోని మాట్లాడ్త లేదు" అని పుష్ప సంతోషంగా చెప్పింది. గ్రీసులో పని చూడమని పదిమంది పాస్‌పోర్టు కాపీలు పంపారు.

ఫొటోలు క్యాంపు మేనేజరు ఫారూఖ్‌కు కూడా చేరాయి. ఆయన ఆఫీసు లాకరు తెరిపించగా ముగ్గురి పాస్‌పోర్టులూ లోపలే ఉన్నాయి. దాంతో నేరం మరింత తీవ్రమైంది. అనుమతి లేకుండా, పాస్‌పోర్టు లేకుండా నాలుగు దీవులు తిరిగి, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా డ్యూటీకి హాజరయ్యారు. 'మిమ్ములను శాశ్వతంగా ఇంటికి ఎందుకు పంపరాదో తెలుపవలెను' అని మెమో వచ్చింది.

హన్మాండ్లు మెమో పట్టుకుని ఫారూఖ్ ఆఫీసుకు పరిగెత్తాడు. "సార్, అది గ్రీసు కాదు. చేపలోళ్ల షెడ్డు. రంగేసింది నేనే."

"ప్రూఫ్ ఏముంది?"

"ఒక్కసారి అచ్చి చూడున్రి సార్."

ఫారూఖ్ అధ్యక్షతన విచారణ సంఘం కుటుంబ సమేతంగా, బిర్యానీ డేగిసాతో సహా దీవికి తరలివెళ్లింది. అది సౌదీ అరేబియాయేనని నాలుగు గోడల దగ్గరా విడివిడిగా నిర్ధారించుకుని కేసు మూసేసింది. సాయంత్రం ఫారూఖ్ స్టేటస్‌లో ఆయనా, భార్య అఫ్రీన్ నీలం తలుపు ముందు నవ్వుతున్నారు. కింద 'గ్రీస్ విత్ ఫ్యామిలీ' అని ఉంది.

ఉద్యోగం నిలిచింది గానీ హన్మాండ్లు మనసు నిలవలేదు. గ్రీసు వెళ్లడానికి ఒకాయన పాడి బర్రెను అమ్మకానికి పెట్టాడని పుష్ప చెప్పింది. శుక్రవారం పొద్దున అతను ఊరి గ్రూపులో వాయిస్ మెసేజీ పెట్టాడు.

"అందరికి దండం. నేను గ్రీసు పోలే. అది యాన్బు పక్కన షెడ్డు. నేనే రంగేసిన. ఎవలు బర్రెను అమ్ముకోకున్రి."

పది నిమిషాలకు రిటైరైన ఉపాధ్యాయుడు స్వామి గారు 'గొప్పవారి వినయం ఇలాగే ఉంటుంది' అని రాశారు. పాస్‌పోర్టు కాపీ పంపిన సాయికుమార్ "వీసా అడిగితిమని గ్రీసే పోలేదంటున్నడు" అన్నాడు. మరో గంటకు గ్రూపు అడ్మిన్ అధికారిక ప్రకటన వెలువరించాడు: 'నిజానిజాలు తెలుసుకోకుండా తప్పుడు సమాచారం వ్యాపింపజేస్తున్నందున హన్మాండ్లును గ్రూపు నుండి తొలగించడమైనది. సభ్యులు గమనించగలరు.'

వాయిస్ మెసేజీని చెరిపేశారు. నాలుగు దీవుల ఫొటోలు అలాగే ఉంచారు. ఈపాటికి మీ గ్రూపుకూ వచ్చే ఉంటాయి. మీరూ ఇంకో నలుగురికి పంపే ఉంటారు.