ప్లానుకు మించిన ఛాతీ

మగవాళ్ళ ఛాతీ మీద ప్లానుకు మించి కనిపించే పెరుగుదలను అక్రమ నిర్మాణంగా లెక్కగట్టి పడగొట్టించే అధికారం పురపాలక సంఘానికి దఖలు పడ్డాక, ఆ ఊళ్ళో మొదటి నోటీసు ఉపేంద్ర చొక్కా మీద అంటించారు.

ఉపేంద్రకు ఇరవై ఏడేళ్ళు. బస్టాండు ఎదురుగా ఫొటో స్టూడియో నడుపుతాడు. హైస్కూలు రోజుల నుంచీ లోపల బిగుతు బనియను, పైన వదులు చొక్కా, వాటికి తోడు ముందుకు వంచిన భుజాలు. ఎండాకాలంలోనూ ఈ మూడింటిలో ఏదీ వదిలేవాడు కాదు.

కొలతలకు వచ్చిన ఉద్యోగి గంగరాజు మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, టేపు తీసి నిలువునా అడ్డంగా కొలిచాడు.

"ముందువైపు జాగా బొత్తిగా వదల్లేదండీ మీరు," అన్నాడు నొచ్చుకుంటూ.

"నేను కట్టింది కాదండీ. దానంతటదే వచ్చింది."

"అందరూ అదే అంటారండీ."

అభ్యంతరాలుంటే ఇరుగుపొరుగు చెప్పుకోవచ్చన్నారు. ఎదురింటి సూర్యావతి తన వాకిట్లోకి నీడ పడుతోందని చెప్పుకుంది. వెనకింటాయన గాలి ఆడటం లేదన్నాడు. ఇన్నాళ్ళూ చాటుగా నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం మానేసి, పౌరబాధ్యతగా తేరిపార చూడటం మొదలుపెట్టారు. నవ్వే నయమనిపించింది ఉపేంద్రకు.

సర్జన్ మెహరున్నీసా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చేత్తో నొక్కి చూసింది. థైరాయిడ్‌కూ, కాలేయానికీ, హార్మోన్లకూ రక్తపరీక్షలు చేయించింది.

"ఇది ఉత్త కొవ్వు కాదు బాబూ, చనుమొన కింద గ్రంథి పెరిగింది. ఈడొచ్చేటప్పుడు హార్మోన్లు అటూ ఇటూ అయ్యి చాలామంది మగపిల్లలకి వస్తుంది. ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో పోతుంది. మీకు పోలేదు, గట్టిపడింది. ఇప్పుడిక మందులు పెద్దగా పనిచెయ్యవు. భయపడాల్సిన గడ్డలేం లేవు. ఆపరేషన్ చేస్తే పోతుంది, చెయ్యకపోయినా ప్రాణానికేం కాదు. ఇంతకీ ఇబ్బంది మీకా, వాళ్ళకా?"

తలుపులు వేసుకుని ఒక్కడే అద్దం ముందు నిలబడ్డప్పుడు కూడా, చూస్తున్నది తనో ఊరో ఉపేంద్రకు ఎన్నడూ తెలియలేదు.

"విడదీసి చెప్పలేనండీ," అన్నాడు.

హాని లేదని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం చెల్లలేదు. ఆరోగ్యం వేరే శాఖ. క్రమబద్ధీకరణకు వీలుందని, అయితే 'అనుమతించబడినది' అన్న బోర్డు జనానికి కనపడేలా ఛాతీ మీద తగిలించుకోవాలని గంగరాజు చెప్పాడు. ఉపేంద్ర ఆపరేషన్‌కే ఒప్పుకున్నాడు.

మత్తిచ్చి, చనుమొన అంచున చిన్న కోత పెట్టి గ్రంథి తీశారు. చుట్టూ ఉన్న కొవ్వును గొట్టంతో లాగారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే దోషమేమీ లేదని వచ్చింది. శిథిలాలు రోడ్డు మీద పారేయలేదని ఆసుపత్రి విడిగా రాసిచ్చింది. కొన్ని వారాలు బిగుతైన పట్టీ చొక్కా తొడుక్కుని, ఆ తర్వాత ఉపేంద్ర ఒకే ఒక చొక్కాతో వీధిలోకి వచ్చాడు. ఒంటికి గాలి తగిలితే కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం అబద్ధం కాదు. భుజాలు మాత్రం వంగే ఉన్నాయి. వాటి గురించి నోటీసులో ఏమీ లేదు.

అనుభవజ్ఞుడు కాబట్టి అతన్ని వార్డు తనిఖీ సంఘంలో వేశారు. కాదనడానికి అతనికి కారణం దొరకలేదు. పైగా, కొలిచేవాడి ఛాతీ వైపు ఎవరూ చూడరు.

మొదటి ఇల్లు రిటైరైన బస్సు కండక్టరు ఈశ్వరయ్యది. ఆయన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

"గుండెకి మాత్రలు మొదలెట్టాక వచ్చింది బాబూ. ఈ వయసులో నాకిదేం ఖర్మ?"

"కొన్ని మాత్రల వల్ల వస్తుందండీ. మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుగారు మారిస్తే తగ్గొచ్చు."

"అయితే కొలవక్కర్లేదా?"

"ఆరోగ్యం వేరే శాఖండీ."

ఈశ్వరయ్య మెల్లగా తువ్వాలు తీశాడు. "నీకూ చేశారంట గదా. నొప్పెట్టిందా?"

"కోసేటప్పుడు మత్తిస్తారండీ," అన్నాడు ఉపేంద్ర, టేపు విప్పుతూ. "కొలిచేటప్పుడే ఇవ్వరు. భుజాలు కాస్త వెనక్కి పెట్టండి."