ఆగిన మిషన్

ఆ పొద్దున కోత మేస్త్రి అనుకున్న పని ఒక్కటే: షిఫ్టు మొదలయ్యేలోపు సెలవు చీటీ మేనేజరు బల్ల మీద పెట్టడం.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పెద్ద కోత మిషన్ అతనిది. వేరే చెయ్యి పడితే చాలు, కత్తి మొద్దుబారేది, అట్టలు వంకరపోయేవి. అందుకే మూడుసార్లు అడిగినా సెలవు రాలేదు. భార్య ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో ఆసుపత్రి నర్సు. ఏడాదిగా వాళ్ల కాపురం ఫోనులోనే, అదీ మిషన్ మోత మధ్య. వచ్చే సోమవారం నుంచి ఆమెకు ఏడు రోజులు సెలవు దొరికింది.

"ఈసారైనా వస్తారా?" అని అడిగింది.

"వస్తా."

"మీరు వస్తానన్నప్పుడల్లా రెండో కంచం కడిగి పెడుతున్నా. ఎవరూ తినకుండానే అరిగిపోతోందది."

భూమిని కాపాడతామనీ, సమాజం పట్ల బాధ్యతగా ఉంటామనీ కంపెనీ ఏదో ప్రపంచ ఒప్పందం మీద సంతకం పెట్టి అప్పటికి వారమైంది. మర్నాటి నుంచే స్టోరులో తెల్ల కాగితం ఇవ్వడం మానేశారు. వెనక ఖాళీ ఉన్న కాగితాలే వాడుకోవాలి. ఆపైన 'భూమి కోసం నేనేం చేస్తాను?' అని అచ్చేసిన ప్రతిజ్ఞా పత్రం తలా ఒకటి పంచారు. మేస్త్రికి దొరికిన కాగితం అదొక్కటే. దాని వెనక చీటీ రాశాడు. సెలవు అన్న మాట కంటపడగానే మేనేజరు కలానికి మూత పెట్టేస్తాడని తెలుసు కాబట్టి, ఆ మాట మాత్రం రాయలేదు.

'సోమవారం నుంచి ఏడు రోజులు నా మిషన్ ఆపి ఉంచాలి. వేరేవాళ్లు ముట్టుకోకూడదు. మూడుసార్లు అడిగాను. ఇక ఆగలేను.'

బల్ల మీద ప్రతిజ్ఞల కట్ట ఉంది. గుమాస్తా దీన్నీ అందులో కలిపేశాడు. మిగతావాళ్లు ఫ్యాన్లు ఆపుతామనీ, టీ గ్లాసులు తామే కడుక్కుంటామనీ పక్కవాడిది చూసి రాశారు. మేస్త్రి కాగితం దగ్గర మేనేజరు ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మధ్యాహ్నానికి అది ప్రధాన కార్యాలయానికి చేరింది. సాయంత్రానికి జవాబొచ్చింది. ఒక కార్మికుడే మిషన్ ఆపుతానంటే కంపెనీ వెనకబడుతుందా? ఏడు రోజులూ ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది. అందరికీ జీతంతో సెలవు.

తోటివాళ్లు మేస్త్రిని నేల మీద నిలవనివ్వలేదు. ఎలా జరిగిందో అర్థం కాకపోయినా అతను సంచి సర్దుకున్నాడు. శనివారం మేనేజరు పిలిచాడు. ఆగిన మిషన్‌ని చూడటానికి జనం వస్తారట. గేటు అందరికీ తెరిచే ఉంటుందట. వివరించడానికి మనిషి కావాలట. ప్రతిజ్ఞ చేసిన మనిషిని మించినవాళ్లెవరు?

"అయ్యా, అది సెలవు చీటీ," అన్నాడు మేస్త్రి.

మేనేజరు తలుపు మూసి వచ్చాడు. "నాతో అన్నావు, సరే. ఇంకెక్కడా అనకు. పైవాళ్లు నీ ఫోటో కూడా ఊరూరా పంపేశారు."

ఆ సాయంత్రం భార్యకు ఫోను చేసి, అందరికీ సెలవిచ్చారు, నాకు తప్ప, అన్నాడు.

"మీకే ఎందుకివ్వలేదు?"

"అడిగింది నేనే కాబట్టి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

సోమవారం మిషన్ ఉన్న హాల్లో ముప్పై కుర్చీలు, ఒక సందర్శకుల పుస్తకం, మేస్త్రి. గోడ గడియారం చప్పుడు చేస్తుందని అతనికి ఆరోజే తెలిసింది. పది గంటలకు గేటు దగ్గర ఒకామె సంచితో దిగింది. మామూలు రోజుల్లో కార్మికుల ఇంటివాళ్లను ఆ గేటు దాటనివ్వరు. ఏం పనిమీద వచ్చారని కాపలావాడు అడిగితే, ఆగిన మిషన్ చూడాలంది. అతను లేచి నిలబడి దారి చూపించాడు.

ఆమె మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇదేనా నా సవతి?"

"ఇదే."

"నోరు మూసుకుంటే బాగానే ఉంది."

మేస్త్రి నవ్వాడు. ఆమె చటుక్కున తలెత్తింది. "ఇంకోసారి నవ్వండి. ఏడాదిగా దీని మోతలో ఆ నవ్వునే వెతుక్కుంటున్నా."

అడిగితే అతనికి నవ్వు రాలేదు. కుర్చీ తుడిచి వేశాడు. ఆమె సంచిలోంచి రెండు కంచాలు తీసింది.

ఏడు రోజుల్లో ఇంకెవరూ రాలేదు. మేనేజరు తిరిగొచ్చి పుస్తకం తెరిస్తే ఒకే పేరు ఏడుసార్లు ఉంది. చివరి రోజు సలహాల గడిలో ఆమె రాసింది: 'ఏడు రోజులు చాలవు.'

మేనేజరు దాన్ని ప్రజాభిప్రాయం అన్న శీర్షిక కింద ప్రధాన కార్యాలయానికి పంపించాడు.