దారి తప్పిన గౌటు

బాత్ అనే ఊళ్ళో చేతితొడుగులు కుట్టి అమ్ముకునే జోబ్ టకెట్ ఆ ఉదయం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. గడ్డం గీయించుకోవాలి, ఉన్న రెండు విగ్గుల్లో మంచిది తలకు తగిలించుకోవాలి, భార్య డోర్కస్‌ను వెంటబెట్టుకుని ఆమె అక్కగారింటికి విందుకు వెళ్ళాలి. అక్కడ గొర్రెతొడ కాలుస్తున్నారు. అంతే.

కానీ ముందురోజు అతను పంది మాంసం కూరి కాల్చిన రొట్టె, 'పై' అంటారే, అది ఒకటి, నలుగురు తినేది, ఒక్కడే లాగించేశాడు. దాని మీద ఊరవేసిన అక్రోటు కాయలు, ఆ పైన చీజు. తెల్లారేసరికి కడుపులో ఎవరో కుర్చీలు అటూ ఇటూ జరుపుతున్నట్టుంది.

"తినేటప్పుడే చెప్పాను, విన్నారా?" అంది డోర్కస్. "ఉండండి, పుదీనా నీళ్ళు కాస్తాను. ఒక్కసారి పెరట్లోకి వెళ్ళొస్తే అదే సర్దుకుంటుంది."

కథ అక్కడితో అయిపోవలసిందే. ఇంతలో మేడమీద అద్దెకుండే కెప్టెన్ హాబ్డే కర్ర టకటకలాడించుకుంటూ దిగివచ్చాడు. ఆయన కుడికాలికి ఎప్పుడూ ఉన్నిగుడ్డ చుట్టి ఉంటుంది. ఆయనకు గౌటు. గౌటంటే మాటలా? బొటనవేలు వాచే వాతమే అయినా, అది దొరలకూ బిషప్పులకూ వచ్చేది. అది కాలిలో ఉన్నంతకాలం మరో జబ్బు ఆ మనిషి జోలికి రాదని ఊరంతా నమ్మకం. ఆయన కాలంటే వీధికే గొప్ప.

"నొప్పి ఎక్కడయ్యా టకెట్?"

"కడుపులోనండీ. సరిగ్గా మధ్యలో."

కెప్టెన్ టోపీ తీశాడు. శవం ఎదుట తీసినట్టు తీశాడు.

"అది కడుపునొప్పి కాదయ్యా. గౌటు! కాలికి దిగవలసింది దారి తప్పి కడుపులో దూరింది. కాలికి దిగిందా, ఇంకో ముప్పై ఏళ్ళు దర్జాగా బతుకుతావు. కడుపులోనే తిష్ఠ వేసిందా, పొద్దుగూకేసరికి సరి."

"గౌటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అది నిన్న తిన్న పై అండీ కెప్టెన్‌గారూ," అంది డోర్కస్.

"అందరూ మొదట అలాగే అనుకుంటారమ్మా."

జోబ్ ముఖం పిండిలా పాలిపోయింది. డాక్టర్ స్పెర్లింగ్‌కు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి నాడి పట్టి, నాలుక చూసి, చేతికర్ర పిడిని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు ఆలోచించాడు.

"మీ నాన్నగారికి గౌటు ఉండేదా?"

"మా నాన్న బొగ్గులు మోసేవాడండీ. ఆయనకి తిండికే ఉండేది కాదు."

"చూశారా! ఆయన దగ్గర చోటు దొరక్క మీకోసం కాచుక్కూర్చుంది."

ప్రాణం మీదికి వచ్చినా సరే, జోబ్‌కు లోపల ఏ మూలో చిన్న గర్వం కలిగింది. టకెట్ల వంశంలో ఇంతవరకూ ఎవరికీ ఇంత పెద్దింటి జబ్బు రాలేదు.

"డాక్టరుగారూ, విరేచనానికి ఏమన్నా ఇస్తే?" అని అడిగింది డోర్కస్.

"చంపేస్తారా ఏంటి ఆయన్ని? కడుపు కదిలిందంటే గౌటు గుండెకెక్కుతుంది. మంచం దిగడానికి వీల్లేదు. దాన్ని మర్యాదగా కిందికి పిలవాలి. పాదాలకి ఆవాల పట్టు, పక్కన వేడి ఇటుకలు. లోపలికి మదీరా వైను, మిరియాలు వేసి. ఆపకుండా పట్టండి."

అలా మొదలైంది. కాళ్ళకు ఆవాల మంట, గొంతులో మిరియాల మంట, మధ్యలో నిన్నటి పై పెట్టే మంట. కబురు వీధి దాటేసరికి రొట్టెలామె వచ్చింది, విగ్గులు సవరించేవాడు వచ్చాడు, ప్రార్థన చేయడానికి చర్చి నుంచి చిన్న పాదిరీ వచ్చాడు. అందరూ మంచం చుట్టూ చేరి జోబ్ ముఖం మాట మరిచిపోయి కాలివేళ్ళకేసి చూస్తున్నారు.

"ఆ రెండో వేలు కాస్త వాచినట్టు లేదూ?" అంది రొట్టెలామె.

"అది పుట్టుకతోనే అంత," అంది డోర్కస్.

కెప్టెన్ మంచం చివర కూర్చుని పిల్లిని పిలిచినట్టు పిలుస్తున్నాడు. "దా, దా... ఇటు... ఇంకాస్త కిందికి..."

బొటనవేలు మాత్రం ఉలకలేదు, పలకలేదు. జోబ్‌కు ఆశ సన్నగిల్లింది. భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"డోర్కస్, నేను పోయాక ఆ టోపీల కొట్టు పిల్‌బీమ్‌ని మాత్రం చేసుకోకే."

"వాడికి పళ్ళే లేవు కదండీ!"

"అందుకే. తిండి ఖర్చుండదని చేసుకుంటావేమోనని."

డోర్కస్ నవ్వబోయి ఏడ్చింది. పొద్దుటి నుంచి ధైర్యంగా ఉన్న మనిషి అలా ఏడ్చేసరికి జోబ్‌కు నిజంగానే చావు కనిపించింది. సరిగ్గా అప్పుడే కడుపులో పెద్దగా ఉరిమింది. అతను బిగబట్టాడు. మళ్ళీ ఉరిమింది. దుప్పటి కొరికాడు. మూడోసారి ఉరిమితే ఇక ఏ మనిషీ ఆగలేడు. చస్తే చచ్చానని ఒక్క దూకు దూకి, ఆవాల ముద్ద నేలంతా రాలుతుండగా పెరట్లోకి పరుగు పెట్టాడు.

"కడుపు కదిలింది!" అని డాక్టరు కేక పెట్టాడు. పాదిరీ గబగబా పుస్తకంలో అంత్యక్రియల పుట తీశాడు.

పెరటి గుమ్మం దగ్గర బూట్ల బురద గీక్కునే ఇనుప పట్టీ ఒకటుంది. జోబ్ కుడికాలి బొటనవేలు నేరుగా దానికి తగిలింది. కళ్ళ ముందు నక్షత్రాలు కనిపించాయి. ఆగడానికి మాత్రం అది సమయం కాదు. కుంటుతూనే మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

లోపల జరిగింది చెప్పక్కర్లేదు. అంతా అయ్యాక జోబ్ కళ్ళు మూసుకుని చావు కోసం ఎదురు చూశాడు. రాలేదు. కడుపు మీద చెయ్యి వేసి చూశాడు. దూదిలా ఉంది. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. బయట పిచ్చుకలు అరుస్తున్నాయి. ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. ఒళ్ళంతా హాయి అల్లుకుపోయి, అతనికి ఏడుపొచ్చింది. ఆ వెనకే ఆకలేసింది.

తలుపు తీసేసరికి పెరడు నిండా జనం. డోర్కస్ పరుగున వచ్చి భుజం పట్టుకుంది. మిగతా అందరి కళ్ళూ కిందికి వెళ్ళాయి. బొటనవేలు బీట్‌రూటులా వాచి మెరుస్తోంది.

"దిగింది!" అని అరిచాడు కెప్టెన్. "దిగిందయ్యోయ్!"

"కాదండీ, ఆ గుమ్మం దగ్గర..." అన్నాడు జోబ్.

"గుమ్మం దగ్గరికే వచ్చేసిందట! విన్నారా?" అన్నాడు డాక్టరు. "ఇది మదీరా మహిమ!"

రొట్టెలామె అతని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. పాదిరీ పుట తిప్పేసి చర్చికి పరిగెత్తాడు. ఊళ్ళోకి ఏ దొర దిగినా గంటలు కొట్టే అలవాటున్న ఊరది. దొర దిగినా దొరల రోగం దిగినా ఒకటేననుకున్నారేమో, గంటలు ఒకటే మోత. ఆ మోతలో జోబ్ నిజం ఎవరికీ వినపడలేదు. డోర్కస్ మాత్రం ఆవాల ముద్ద అంటిన ఇనుప పట్టీని చూసింది, మొగుడి వేలు చూసింది, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

అతన్ని దొరలా కుర్చీలో కూర్చోబెట్టి, కాలికి ఉన్నిగుడ్డ చుట్టి, అందరూ సెలవు తీసుకున్నారు. కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, కుర్చీ దగ్గరకు జరిపాడు.

"నిజం చెప్పవయ్యా. దేనికి తగిలింది?"

జోబ్ గొంతు తగ్గించాడు. "బూట్లు గీక్కునే పట్టీకండీ."

"నాకు తగిలింది ఆపిల్ సారా పీపా," అన్నాడు కెప్టెన్. "నాకూ ఇలాగే పట్టారు మదీరా. నేనూ ఇలాగే పరుగెత్తాను."

"మరి తెలిసి కూడా పొద్దున నన్నలా భయపెట్టారేంటండీ?"

"నీదైనా అసలుదేమోనని ఆశపడ్డానయ్యా. ఇన్నేళ్ళుగా అసలు గౌటున్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు!"

ముందు జోబ్ పకపకా నవ్వాడు. తర్వాత కెప్టెన్ కాలి గుడ్డ వదులయ్యేదాకా నవ్వాడు.

నవ్వు తగ్గాక జోబ్ టోపీ అందుకున్నాడు. బండి కడితే గొర్రెతొడ వేళకు ఇంకా అందుకోవచ్చు. అప్పుడే డోర్కస్ పళ్ళెంతో వచ్చింది. అందులో ఉప్పు లేని పల్చటి బార్లీ జావ ఉంది.

"డాక్టరుగారి ఆజ్ఞ," అంది, నవ్వు బిగబట్టుకుని. "గౌటు కాల్లోనే ఉండాలంటే నెల రోజులపాటు ఇదేనట. మాంసం వాసన కూడా తగలకూడదట. మీరు పడుకోండి, మా అక్కగారింటికి నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను."

గౌటు దొరల రోగమే గానీ, దాని పథ్యం మాత్రం బిచ్చగాళ్ళది.