తూఫాన్ లేవలేదు

ఎనభై నాలుగు వేసవిలో, రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండే గూడ్సు గార్డు అచ్చయ్య ఒక కుక్కను తెచ్చాడు. అభన్‌పూర్‌లో ఎవరో బదిలీ మీద వెళ్తూ వదిలించుకున్న కుక్క. పేరు తూఫాన్.

మొదటి సాయంత్రం బంతి విసిరితే తూఫాన్ బంతిని చూసింది, అచ్చయ్యను చూసింది, గడ్డం నేలకు ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఇది కుక్కా, తలగడా?" అంది భార్య భ్రమరాంబ. "ఆదివారం దాకా చూస్తాను. ఆడిందా సరే. నేదంటే అభన్‌పూర్ బస్సెక్కించీడమే."

అచ్చయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నలభై పెట్టెల బండిని కదిలిస్తన్నాను, దీన్ని కదిలించలేనేటి?"

"బండిని కదిలించేది డ్రైవరు. మీరు ఎనకాల కూకుంటారు."

పాపం దానికి ఆట రాదు, చూపిస్తే నేర్చుకుంటుంది అనుకున్నాడు అచ్చయ్య. బంతి తనే విసిరి, తనే పరుగెత్తి, తనే తెచ్చాడు. తూఫాన్ ఒక చెవి లేపింది. ఆ చెవిని చూసుకుని అచ్చయ్య చీకటి పడేదాకా పరుగెత్తాడు.

"కా హోగే బాబూ?" అని ఏమైందో కనుక్కోబోయాడు గేటు దగ్గర సైకిలాపిన పాలవాడు.

"కుత్తేకో ఖేల్‌నా సిఖా రహా హూఁ!" అని, కుక్కకు ఆట నేర్పుతున్నానంటూ రొప్పాడు అచ్చయ్య.

పాలవాడు పడుకున్నదెవరో, పరుగెడుతున్నదెవరో చూసి, పాలు పోసి వెళ్ళిపోయాడు.

మర్నాడు తాడుకు గారె కట్టి ముందు పరుగెత్తాడు. మూడో చుట్టులో కాలుజారి బోర్లా పడ్డాడు. తూఫాన్ నింపాదిగా వచ్చి, గారె తిని, తాడు వదిలేసి, మళ్ళీ పడుకుంది.

అచ్చయ్యకు అన్నం సహించలేదు. డ్యూటీలో కూడా కుక్క గొడవే. శుక్రవారం సాయంత్రం భార్య చెప్పు నోట కరుచుకుని, నాలుగు కాళ్ళ మీద పాకుతూ గుర్రుమన్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి రంగనాయకమ్మ వడియాల గిన్నెతో లోపలికొచ్చింది.

"ఒదినా, అన్నయ్యకి ఒంట్లో బాగుందా?"

"పొద్దున్న దాకా బాగానే ఉన్నారమ్మా," అంది భ్రమరాంబ.

శనివారం బండి రద్దయింది. అచ్చయ్య జెండాలు చంకన పెట్టుకుని మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. పెరట్లో మొరుగుళ్ళు! గోడ మీంచి తొంగి చూశాడు. భ్రమరాంబ కొంగు బిగించి బంతి విసురుతోంది. తూఫాన్ గాల్లోకెగిరి అందుకుంటోంది!

"చాలమ్మా, ఇంక తొంగో," అంటోంది ఆవిడ. "సాయంత్రం ఆయన ఆడతారు."

"భ్రమరా!" అని గోడ అదిరేలా కేకేసి లోపలికొచ్చాడు. "రోజూ ఇదేనా? దీన్నలా అలసగొట్టి, నా ముందు పడుకోబెడతన్నావా?"

"మొదటి రోజు కొత్త చోటని బెంగెట్టుకుని అదే పడుకుంది. మీరే బంతి ఎనక పరిగెట్టేరు. సుగరొచ్చింది, నడవండి బాబూ అని డాక్టరు మూణ్ణెల్లు మొత్తుకుంటే కుర్చీ దిగని మనిషి! కుక్క లేస్తే మీరు కూకుంటారని, నేనే రోజూ దాన్ని ఆడించి అలసగొట్టేను."

"అభన్‌పూర్ బస్సో?"

"అది మీకు భయం పెట్టడానికి. బంగారం లాంటి కుక్కని పంపించేస్తానా?"

"అయితే ఇంక నేను కదల్ను!" అంటూ జెండాలు అరుగు మీద విసిరికొట్టి కుర్చీలో కూలబడ్డాడు.

విసిరింది ఏదైనా తనకోసమే అనుకుంది తూఫాన్. పచ్చజెండా నోట కరుచుకుని తెరిచిన గేట్లోంచి రోడ్డెక్కింది.

"ఒసేయ్! అది సర్కారు జెండా! సోమవారం డ్యూటీ ఉందే!"

జెండా పోతే సంజాయిషీ ఎలా రాయాలో తలుచుకుంటూ అచ్చయ్య శంకర్ నగర్ రోడ్డు మీద పడ్డాడు. ముందు రెపరెపలాడుతూ జెండా, వెనక రొప్పుతూ గార్డు. ఎదురొచ్చిన పాలవాడి మొహం వెలిగిపోయింది.

"వాహ్ బాబూ! ఆజ్ కుకుర్ ఘలో దవడత్ హే!" అన్నాడు, కుక్క కూడా పరుగెడుతోందని సంబరపడిపోతూ.

గేటు దగ్గర భ్రమరాంబ మిగిలిన ఎర్రజెండాను గబగబా చుట్టి కొంగు కింద దాచేసింది. పొరపాటున అది కనిపిస్తే ఆయన ఆగిపోతాడేమోనని.